ప్రసాదం వెచ్చబెట్టిన యాంప్లిఫయర్

కువైట్‌లో దిగిన తొలి రోజుల్లో, నాకు తెలియనిది కూడా ఈ లోకంలో ఏదో ఉందని ఎవరైనా అంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, సాల్మియాలో ఒక రిపేరు షాపులో ఉద్యోగం, మెడలో అమ్మ కట్టి పంపిన తాయెత్తు. ఈ మూడూ ఉన్నవాడు ఎంత ఎత్తు ఎగరగలడో అంత ఎత్తూ ఎగిరాను. ఇప్పుడు జుట్టు పలచబడి, కళ్లజోడు లేనిదే టంకం వెయ్యలేని స్థితికి వచ్చాక ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని, కాస్త నిదానం నాయనా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు. మా సత్సంగంలో భక్తి తొమ్మిది రకాలని నేర్పుతారు, అందులో మొట్టమొదటిది వినడం. నేను ఆ మొదటిదాన్ని వదిలేసి మిగతా ఎనిమిదింట్లోనూ ఆరితేరానని అనుకునేవాణ్ణి.

మా సత్సంగం ప్రతి శుక్రవారం పొద్దున, ఊరికి దూరంగా ఎడారిలో ఉండే కబ్ద్‌లో ఒక తోటలో జరిగేది. (పంచాంగంలో పండుగ ఏ వారం రాసి ఉన్నా మాకు వచ్చేది మాత్రం శుక్రవారమే. ఇక్కడి సెలవు సంగతి స్వామికి తెలియకుండా ఉంటుందా అని పెద్దవాళ్లు అనేవారు.) తోటను చూసుకునే ఆయన జగిత్యాల వైపు మనిషి. అందరం తోటన్న అనేవాళ్లం. గొర్రెల దొడ్డి పక్కన గడ్డి మోపులు పెట్టుకునే రేకుల షెడ్డు ఉండేది. తోటన్న కఫీల్, అంటే ఆయనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మంచివాడు. గొర్రెలు బెదరకుండా ఏం చేసుకున్నా సరేనని ఆ షెడ్డు మాకు వదిలేశాడు. కడప, రాయచోటి వైపు నుంచి వచ్చిన డ్రైవర్లూ వంటవాళ్లూ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ, జగిత్యాల, నిజామాబాద్ వైపు కూలి సోదరులూ మినీ బస్సుల్లో వచ్చి ఆ షెడ్డులో చాపలు పరుచుకుని కూర్చుంటే, నాకైతే ఏ మహాక్షేత్రమూ దానికి సాటి రాదనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

భజన నడిపించేది పెద్దయ్య. కడప జిల్లా మనిషి, జాబ్రియాలో ఒకే ఇంట్లో ఎన్నో ఏళ్లుగా డ్రైవరు. నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చి నా సంచి మోసింది ఆయనే. మరుసటి శుక్రవారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా నాలుక తిరగని శ్లోకాలన్నీ తిప్పించిందీ ఆయనే. రెండు చేతుల్లో చిడతలు పట్టుకుని ఆయన ఒక చరణం ఎత్తుకుంటే, మేమంతా అదే చరణాన్ని అలాగే తిరిగి అనేవాళ్లం. అంతే మా భజన. రాగాలు తెలిసినవాళ్లు లేరు, హార్మోనియం లేదు. ఆయన అన్నదాన్ని అన్నట్టు అనడమే మా విద్య.

ఆ ఏడాది పెద్దయ్యకు గొంతు దగ్గర ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు కానీ గొంతు మాత్రం సన్నబడిపోయింది. ముందు వరసకు వినిపించేది, మూడో వరసకు అనుమానంగా వినిపించేది, గోడ పక్కన కూర్చున్నవాళ్లకు ఆయన పెదవులు కదలడమే కనిపించేది. వాళ్లు ఊహించి పాడేవారు. ఒకసారి ముందువాళ్లు రాముణ్ణి పిలుస్తుంటే వెనకవాళ్లు కృష్ణుణ్ణి పిలిచారు. (ఇద్దరూ ఒకరేనని మా సిద్ధాంతం కాబట్టి అపచారం కాలేదు.) మెల్లగా వెనక వరసలు పలచబడ్డాయి. వినపడని భజనకు వారానికి ఒక్క సెలవును ఎవరు ఖర్చు పెట్టుకుంటారు?

మాలో గోదావరి జిల్లా ఆయన ఒకాయన ఉండేవాడు. సాల్మియాలో హోటల్ సూపర్‌వైజరు. ఆయన ఒక శుక్రవారం నల్లటి పెద్ద బాక్సు స్పీకర్ తెచ్చి, దానికే మైకు తగిలించి పెద్దయ్య ముందు పెట్టాడు. అది పెద్దయ్య దగ్గును కూడా ఉరుములా వినిపించి, ఆ వెంటనే కీచుమని ఈల వేసింది. గొర్రెలన్నీ దొడ్డి కంచె విరగ్గొట్టుకుని ఎడారి మీద పడ్డాయి. వాటిని పట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది. కఫీల్ వచ్చి బాక్సు వైపు వేలు చూపించి ఖలాస్ అన్నాడు. ఆనాటి నుంచి ఆయన బాక్సు బాబాయి అయ్యాడు. బాబాయి మనసు మంచిదే. మైకు వద్దు, మంచి గాయకుల భజనలు సెల్‌ఫోన్లోంచి ఇదే బాక్సులో సన్నగా పెట్టుకుందాం, పెద్దాయన్ను కష్టపెట్టడం ఎందుకు అన్నాడు. చాలామంది తలలూపారు. పెద్దయ్యా తలూపాడు. "రామనవమి శుక్రవారం కానీండి. ఆ పొద్దు నా చిడతలు బాబాయికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ మాట వినబడింది ముందు వరసకే. కానీ ఆ ఒక్క మాట మాత్రం ఎలాగో గోడ దాకా పాకిపోయింది.

నాకు నిద్ర పట్టలేదు. రికార్డు పాడితే వినేవాళ్లు మిగులుతారు, భజన మిగలదు. పెద్దయ్యకు ఆ శుక్రవారం తప్ప ఈ దేశంలో తనదంటూ ఏముంది? గొర్రెలు బెదరకుండా, ఈల వెయ్యకుండా, ఆయన గొంతును ఆయన గొంతులాగే గోడ దాకా తీసుకుపోయే యాంప్లిఫయర్ నేనే చేస్తానని మరుసటి శుక్రవారం అందరి ముందూ ప్రకటించాను. ఆ రోజు నుంచి నన్ను ఇంజినీరు సారూ అని పిలవడం మొదలుపెట్టారు. అందులో ఎగతాళి ఎంతో, ఆశ ఎంతో అప్పట్లో లెక్క వేసుకోలేదు.

నేను ఎంచుకున్నది ఎమిటర్ ఫాలోవర్ అనే పద్ధతి. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఈ ట్రాన్సిస్టర్‌కు మీరు ఎంత ఎత్తు వోల్టేజి ఇస్తే అది తిరిగి అంతే ఎత్తు ఇస్తుంది. తనదంటూ ఏమీ కలపదు. కానీ స్పీకర్‌ను కదిలించే కరెంటు బలం మాత్రం పుష్కలంగా ఇస్తుంది. కల్తీ అన్నది లేని ఆ స్వభావం నన్ను కట్టిపడేసింది. చెప్పింది చెప్పినట్టు అనడం, తన గొప్ప కలపకపోవడం, బలమంతా ధారపోయడం, భక్తుడి లక్షణం ఇంతకన్నా ఏముంది? (ఎత్తు పెరగదు అన్న ముక్కను పాలిటెక్నిక్ పరీక్షలో నేనే రాశాను. పూర్తి మార్కులు వచ్చాయి. మార్కులు వచ్చిన విషయాన్ని మళ్లీ ఆలోచించాల్సిన పని ఏముందనుకున్నాను.) ఇంకో విశేషం, దీంట్లో పాట ఉన్నా లేకపోయినా కరెంటు నిండుగా ప్రవహిస్తూనే ఉంటుంది. అఖండ దీపంలాగా అన్నమాట. దానివల్ల పుట్టే వేడిని బయటికి పంపడానికి, పాడైపోయిన ఒక పెద్ద మిషన్‌లోంచి రెక్కలు రెక్కలుగా ఉన్న బండంత అల్యూమినియం ముక్క ఊడదీసి, ఇనప టోపీల్లాంటి ట్రాన్సిస్టర్లను అబ్రకం రేకులు వేసి దానికి బిగించాను. రోజూ స్నానం చేసి, స్వామికి దణ్ణం పెట్టుకున్నాకే టంకం కడ్డీ పట్టుకునేవాణ్ణి. పైకి లేచే పొగ నాకు సాంబ్రాణిలా తోచేది. షాపు ఓనరు మలయాళీ. నా వాలకం చూసి రిపేరు చేస్తున్నావా పూజ చేస్తున్నావా అని హిందీలో అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

షాపులోనే పరీక్షించాను. బల్ల మీద రిపేరుకు వచ్చిన పాతకాలపు పెద్ద యాంప్లిఫయర్ ఒకటి ఉంటే, దాని నోట్లోంచి వచ్చే పాటను నా దానికి అందించాను. ఆహా, నా స్పీకర్లోంచి వెన్న కరిగి కారినట్టు వచ్చింది పాట. షాపంతా నిండిపోయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎత్తంతా ఆ ముసలి యాంప్లిఫయర్‌ది, నాది కేవలం దాని వెంట నడవడమేనన్న సంగతి నీళ్లు తిరిగిన కళ్లకు కనపడలేదు.

రామనవమి శుక్రవారం వచ్చింది. మినీ బస్సులో నా ఒళ్లో యాంప్లిఫయర్, నా పక్కన మా అత్త, అత్త ఒళ్లో చక్కెర పొంగలి గిన్నె. మా నాన్నకు చెల్లెలు, జాబ్రియాలో ఒక మూడంతస్తుల ఇంట్లో వంట చేస్తుంది. నాకు వీసా తెప్పించిందీ ఆమే. మూడో అంతస్తులో ఆడుకునే పిల్లల్ని కింద వంటింట్లోంచే భోజనానికి పిలిచే గొంతు ఆమెది. వాళ్ల మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, ఆ గొంతుకు జడిసి చాలాసార్లు చేతులు జోడించిందట. ఆ గొంతు వల్లనే అత్త భజనలో ఎప్పుడూ నోరు విప్పేది కాదు, చప్పట్లు మాత్రం కొట్టేది.

"ఏమిరా అబ్బోడా, పురిటి బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకోనుండావు" అంది అత్త.

"బరువత్తా."

"బరువుంటే పనిచేస్తాదా?"

యాంప్లిఫయర్‌ను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. కిటికీలోంచి ఎడారిని చూస్తూ కూర్చున్నాను. వెనక సీట్లో బాబాయి తన నల్ల బాక్సును దుప్పటి కప్పి పెట్టుకున్నాడు. "అలా వుంటుంది లెండి, అవసరం పడితేనే దింపుతాను" అన్నాడు నాతో, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

షెడ్డులో అన్నీ అమర్చి స్విచ్చు వేశాను. కొత్త వస్తువు కదా అని అత్త దానికి పసుపు కుంకాలు తడిపి బొట్లు పెట్టింది. నేను ట్రాన్సిస్టర్లకు తగలనివ్వకుండా అడ్డుపడి, అల్యూమినియం రెక్కల వరకే ఒప్పుకున్నాను. ఆ రెక్కలు కాసేపటికే ఎంత కాగాయంటే బొట్లు చుయ్యిమని ఎండిపోయి రాలిపడ్డాయి. తోటన్న వచ్చి అరచెయ్యి దాని మీదుగా ఆడించి చూశాడు.

"తమ్మీ, గిది పాట పాడుతదా, రొట్టెలు కాలుస్తదా?"

"రెండూ చేస్తాదిలే" అని అత్త, చల్లగాలికి పొంగలి గడ్డకట్టేటట్టు ఉందని గిన్నె తెచ్చి దాని మీదే పెట్టేసింది. పొంగలి అడుగంటకుండా కనిపెట్టుకుని ఉండాలని, వెనక ఆడవాళ్లలో తన చోటు వదిలి స్పీకర్ పక్కనే, పెద్దయ్యకు ఎదురుగా చతికిలబడింది. వద్దనడానికి నాకు తీరిక లేదు. నా ప్రాణం వేరే చోట పోతోంది. షాపులో మంచి కరెంటు సప్లై మీద పనిచేసిన నా సృష్టి, ఇక్కడ నేను హడావిడిగా కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మీద జుమ్మని ఒకటే ఎడతెగని ధ్వని మొదలుపెట్టింది. పెద్దయ్య చెవి ఒగ్గి విన్నాడు. కళ్లు మూసుకుని ఆ ధ్వనికి తగ్గట్టు సన్నగా గొంతు సవరించుకున్నాడు. నేను దాన్ని ఆపబోతే చేత్తో వారించాడు. సరే, ఇదీ స్వామి సంకల్పమే అనుకున్నాను. (ఆ రోజుల్లో నా తప్పులన్నింటినీ స్వామి ఖాతాలో వేసే అలవాటు ఉండేది.)

పెద్దయ్య ఒక చేతి చిడతలు కదిలించి, మైకు ముందు మొదటి చరణం ఎత్తుకున్నాడు. స్పీకర్ కూడా ఎత్తుకుంది. ఆయన గొంతు ఎంతుందో అంతే. పిసరు ఎక్కువ లేదు. కల్తీ లేదు, గీర లేదు, ఈల లేదు. గొర్రెలు తలలు కూడా ఎత్తలేదు. ఒక సన్నని పెద్దయ్య పక్కన ఇంకొక సన్నని పెద్దయ్య కూర్చుని పాడుతున్నట్టుంది. రెండు గొంతులూ కలిసి మూడో వరస దగ్గరే ఆగిపోయాయి.

"వినపడల్యా సామీ" అన్నారు గోడ పక్క నుంచి ఎవరో. "ఏమన్నడో ఏమో, ఇనస్తలేదు" అన్నారింకెవరో. నేను వాల్యూమ్ గుండీని చివరిదాకా తిప్పాను. చివర వచ్చాక ఇంకా తిప్పాను. అది అక్కడే బిగుసుకుపోయింది. ఏమీ మారలేదు, వేడి తప్ప. పెద్దయ్య రెండోసారి అదే చరణం అన్నాడు. జవాబుగా అక్కడక్కడా నాలుగు గొంతులు తడబడుతూ లేచి పడిపోయాయి. బాబాయి నిట్టూర్చి, చెప్పులు వేసుకుని బస్సు వైపు కదిలాడు. పెద్దయ్య నా వైపు చూడలేదు. చూస్తే నేను బాధపడతానని చూడలేదని నాకు తెలుసు. తువ్వాలు ఒళ్లో పరుచుకుని చిడతలు దానిలో పెట్టి, ఒక కొస మడిచాడు.

అప్పుడు అత్త వెనక్కి తిరిగింది.

"ఆయప్ప పాడతానే ఉండాడు గదా, చెవులు యాడ బెట్టి వచ్చినారు మీరంతా? ఇదో, ఇట్ల అంటాండాడు" అని, పెద్దయ్య అన్న చరణాన్ని, మూడో అంతస్తు పిల్లల్ని పిలిచే గొంతుతో, ఉన్నదున్నట్టు అనేసింది.

షెడ్డులో ఎవరూ ఆలోచించలేదు. చరణం చెవిన పడితే తిరిగి అనడం ఏళ్ల తరబడి అలవాటు. గోడ పక్కవాళ్లతో సహా అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. రేకులు అదిరాయి. పెద్దయ్య చెయ్యి తువ్వాలు మీద ఆగింది. రెండో చరణం అన్నాడు, మెల్లగా, ఆయాసపడకుండా. అత్త వంగి విని, ఎత్తి అంది. జనం అందుకున్నారు. మూడో చరణానికి ఆయన తువ్వాలు మడత విప్పి చిడతలు తీశాడు. బస్సు దగ్గరికి వెళ్లబోయిన బాబాయి ఒక కాలికి చెప్పుతో గుమ్మంలోనే నిలబడి, గొంతెత్తి పాడుతున్నాడు.

నేను మాత్రం పాడలేదు. నోరు తెరుచుకుని వింటున్నాను, బహుశా జీవితంలో మొదటిసారి. పెద్దయ్య దగ్గర చరణం ఉంది కానీ ఎత్తు లేదు. జనం దగ్గర బలం ఉంది కానీ వాళ్లు అందిందే అనగలరు, అందనిది అనలేరు. ఆ మధ్యలో ఒకరు కూర్చుని సన్నగా వచ్చినదాన్ని ఎత్తు పెంచి అందించాలి. నా సర్క్యూట్లో నేను జనాన్ని కట్టాను, పెద్దయ్యను తగిలించాను, మధ్యలో అత్తను పెట్టడం మరిచాను. ట్రాన్సిస్టర్‌ది ఏ తప్పూ లేదు. పాపం అది అందినంతా నమ్మకంగా అప్పజెప్పింది. గుండె మీంచి పెద్ద బండ దిగినట్టయింది నాకు. నా యాంప్లిఫయర్ ఓడిపోయినందుకు సిగ్గు పడాలని గుర్తు రావడానికి కూడా హారతి దాకా పట్టింది.

హారతి అయ్యాక పెద్దయ్య చిడతలు చేతిలోకి తీసుకుని లేచాడు. ముందే అనుకున్న మాట కాబట్టి బాబాయి మొహమాటంగా రెండు చేతులూ చాచాడు. పెద్దయ్య ఆయన్ను దాటి వచ్చి, ఎడమ చేతి జత అత్త ఒళ్లో పెట్టాడు. కుడి చేతి జత తన దగ్గరే ఉంచుకున్నాడు.

"అమ్మా, నేను సన్నగా అంటా. నువ్వు అందుకో. వాళ్లు పాడతారు."

"నాకు పాడను రాదన్నా. అరవను మాత్రమే వచ్చు" అంది అత్త, చిడతల్ని ముట్టుకోకుండా.

"ఇప్పుడు కావాల్సింది అదే తల్లీ."

బాబాయి చాచిన చేతులు అలాగే జోడించి దణ్ణంగా మార్చేశాడు. "ఆయ్, ఇదే బాగుందండి. బాక్సు మోసే బాధ తప్పింది" అన్నాడు. ఆయన ముఖంలో నాకన్నా ఎక్కువ ఊరట కనిపించింది. పొంగలి వడ్డించారు. విస్తరి మీద వేస్తుంటే ఆవిరి లేచింది. ఆ చల్లటి ఎడారి గాలిలో, వండి అంతసేపైన పొంగలి పొగలు కక్కడం మా సత్సంగం చరిత్రలో అదే మొదలు. ఒక్కొక్కరూ వచ్చి ఇంజినీరు సారూ, పొంగలి వేడిగా ఉందని మెచ్చుకున్నారు. నేను పెద్దయ్యకు విస్తరి అందించాను. అందుకుంటూ ఆయన అన్నాడు. "ఆ జుమ్మనే శ్రుతి మాత్రం బాగుండాది నాయనా. అది తియ్యద్దు."

కానీ ఇరవై ఏళ్ల ఇంజినీరు అంతటితో ఊరుకుంటాడా? కొన్ని వారాలు కష్టపడి, ఆ మధ్య దశ కూడా చక్కగా కట్టాను. మైకులో గుసగుసలాడితే నిండుగా, మెత్తగా, ఈల లేకుండా పలికింది. ఈసారి పరీక్ష కూడా సరిగ్గానే చేశాను. గర్వంగా కబ్ద్ తీసుకెళ్లి ముందుగా తోటన్నకు వినిపించాను. ఆయన గొర్రెల వైపు చూశాడు. అవి మేస్తున్నాయి. కఫీల్‌కూ అభ్యంతరం ఉండదన్నాడు. తర్వాత గడ్డి మోపు మీద కూర్చున్నాడు.

"మంచిగనే ఉన్నది తమ్మీ. మరి అత్త ఏం జెయ్యాలె?"

నేను కొత్త బోర్డును సంచిలో పెట్టి జిప్పు లాగేశాను. అది ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది, పూర్తిగా పనిచేస్తూ, ఎవరికీ అవసరం లేకుండా.

పెద్దయ్య అలా ఇంకా చాలా ఏళ్లు సన్నగా పాడి, తర్వాత ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రద్దు చేయించుకుని ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు అత్త ఎత్తుకుంటుంది. ఆమె గొంతులోనూ మునుపటి అంతస్తులు లేవు, రెండో అంతస్తు దాకా వెళుతుందేమో. నిజామాబాద్ ఆవిడ ఒకామె పక్కన కూర్చుని అందుకుంటుంది. ఆమె ఒళ్లో ఎడమ చేతి జత ఉంటుంది. శుక్రవారం పూట ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో పెద్దయ్యకు కలిపి స్పీకర్ పక్కన నిలబెడతారు. ఒక్కోసారి మాటల్లో పడి నేను స్విచ్చు వెయ్యడం మరిచిపోతే, అంత దూరం నుంచి ఆయన సన్నగా అడుగుతాడు, శ్రుతి యాడరా అని.

వెళ్లి వేస్తాను. జుమ్మంటుంది. మెల్లగా వేడెక్కుతుంది. ఎవరో పొంగలి గిన్నె తెచ్చి పైన పెడతారు. గుండీ ఆ రోజు బిగుసుకున్న చోటే, చివర ఉంది. విప్పి సరిచెయ్యడం నాకు ఇప్పుడు క్షణం పని. చెయ్యను. తనకు తెలియనిది లేదనుకున్న ఒక కుర్రవాడు, పెద్దయ్య గొంతు గోడ దాకా వెళ్లాలని అంత దూరం తిప్పాడు. దాన్ని అక్కడే ఉండనిస్తున్నాను.